చేతిపనికి పెద్దపీట వేసిన కోపల్లె హనుమంతరావుగారు

విద్యార్థులారా! మన కోరాపుట్, రాయగడ సీమలు 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒడిశాలో చేరువరకు చెన్నపురి రాజధానిలోని విశాఖపట్టణము జిల్లాకు చెందియుండినవి. కావున ఆనాటి ఆంధ్రదేశమున విద్యకై పాటుపడినవారి చరిత్ర మనకు పరాయిది కాదు. అక్షరమును, చేతిపనిని ఒకే కప్పు క్రింద నేర్పింపబూనిన కోపల్లె హనుమంతరావుగారి జీవితమును మీకును, మీ తల్లిదండ్రులకును తెలుపనెంచి మేమీ వ్యాసమును వ్రాయుచున్నాము.

హనుమంతరావుగారు 1879వ సంవత్సరమున జన్మించిరి. వారి ఊరు కృష్ణా జిల్లాలోని బందరు. మచిలీపట్నమని దానికి మరియొక పేరు. ఆ రేవునుండి ఒకప్పుడు అద్దకపు వస్త్రములు ఓడలపై పారశీకమునకును, ఐరోపాకును పోయెడివి. ఆంగ్లదేశపు మరమగ్గముల బట్ట చౌకగా వచ్చిపడగా ఇచటి పనివారి వృత్తి క్షీణించెను. ఇంకొక వంక ఇంగ్లీషు చదువు చదివినవారికి కచేరీ కొలువే గమ్యమయ్యెను. చదివినవానికి పని రాదు. పనివానికి చదువు లేదు. ఈ ఎడబాటే దేశమునకు పెద్ద లోటని హనుమంతరావుగారు గ్రహించిరి.

వారు ఎం.ఏ., బి.ఎల్. పట్టములు పొందినవారు. న్యాయవాదవృత్తిలో ధనము గడించి సుఖముగా బ్రదుకవచ్చును. వారు ఆ మార్గమును విడిచిరి. వైద్యులగు భోగరాజు పట్టాభిసీతారామయ్యగారును, కృష్ణాపత్రిక సంపాదకులగు ముట్నూరి కృష్ణారావుగారును వారికి ప్రాణమిత్రులు. 1907లో బిపినచంద్రపాలుడు ఆంధ్రదేశమున పర్యటించి స్వదేశీ వ్రతమును, జాతీయ విద్యను ప్రబోధించెను. ఆ బీజము బందరున మొలకెత్తినది. 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల వెలసినది. మిత్రులిరువురును దానికి రెండు భుజములైనచో, హనుమంతరావుగారు దానికి ప్రాణము.

ఆ కళాశాలలో గ్రంథపాఠములతోపాటు నేతపని, వడ్రంగము, యంత్రపుపని మున్నగునవి బోధించిరి. చదువులో వెనుకబడిన పిల్లవానికి గతిలేక చెప్పించు పనిగా గాక, చదువునకు సాటియగు విద్యగా అచట చేతిపని నిలిచినది. ఇందలి కీలకమును ఒక ఉదాహరణముతో చూతము. 840 గజముల నూలు ఒక చిలప. ఒక పౌను తూకమునకు ఎన్ని చిలపలు తూగునో అదియే నూలు నంబరు. 40వ నంబరు నూలు పౌనునకు 33,600 గజములుండును. నంబరు పెరిగినకొలది నూలు సన్నమగును. పడుగునకు ఎంత నూలు, పేకకు ఎంత నూలు వలయునో తెలియనిదే మగ్గము సాగదు. ఈ గుణకారము పలకమీద వేసిన బాలుడు మరచిన మరచునేమో. మగ్గముపై వేసిన బాలుడు మరువడు.

అయినను ఆ మార్గము పూలబాట కాదు. ప్రభుత్వపు అండ లేని విద్యాలయము. ప్రజల చందాలే దానికి ఆధారము. ఇచట చదివిన కుఱ్ఱవానికి సర్కారు కొలువు దొరకునా యని తల్లిదండ్రులు శంకించుట సహజమే. హనుమంతరావుగారు ఆ భారమును తమ నెత్తిన పెట్టుకొని కడవరకు మోసిరి. 1921లో గాంధీమహాత్ముడు బందరునకు వచ్చి ఆ కళాశాలను దర్శించెను. మరుసటి యేడు, నలుబదులు దాటిన కొలదికాలమునకే, హనుమంతరావుగారు అస్తమించిరి.

వారు నాటిన చెట్టు వారితో పడిపోలేదు. ప్రమోదకుమార చట్టోపాధ్యాయుడు ఆ కళాశాలలో చిత్రలేఖనము నేర్పగా, అడివి బాపిరాజుగారు ఆయన శిష్యులై, నవలాకారులును చిత్రకారులును అయి వన్నెకెక్కిరి. కలము, కుంచె ఒక్క చేతిలోనే ఇమిడినవి. 1937లో వార్ధాలో గాంధీజీ ప్రాథమిక విద్యను చేతిపనితో ముడిపెట్టుటకు 27 ఏండ్లు ముందే బందరున ఆ ప్రయత్నము జరిగినదని మనము గుర్తుంచుకొనవలెను.

ఇక మన సీమను చూడుడు. కోట్‌పాడ్ నేతగాండ్రు ఆల్ చెట్టు వేరిపట్టతో నూలునకు ఎఱ్ఱరంగు వేయుదురు. ఆ వస్త్రములకు 2005లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ రంగు నూలునకు పట్టుటలో రసాయనశాస్త్రమున్నది. నియమగిరి డోంగ్రియా కొంధు స్త్రీలు సూదితో కుట్టు శాలువపై త్రిభుజములు వరుసదీరియుండును. దానికి 2024లో అట్టి గుర్తింపే వచ్చినది. ఆ కుట్టుపనిలో క్షేత్రగణితమున్నది. 2020 నాటి జాతీయ విద్యావిధానము ఆఱవ తరగతినుండియే వృత్తివిద్యను పరిచయము చేయుమని చెప్పుచున్నది. చట్టము ద్వారము తెరువగలదు. లోనికి నడువవలసినది మనమే.

తల్లిదండ్రులకు మా విన్నపమొకటి. మీ బిడ్డ ఉలి పట్టినచో చదువు చెడెనని దిగులుపడకుడు. మీలో నేతగాడో, వడ్రంగియో, సేద్యము తెలిసినవారో ఉన్నచో ఒకనాడు తరగతిగదికి రండు. మీరు పని చూపుడు. అందలి లెక్కను, శాస్త్రమును, తెలుగు పేరును మేము బోధింతుము. హనుమంతరావుగారికి మనమర్పింపగల నివాళి అదియే.