కలాన్ని తాకట్టు పెట్టిన పెద్దమనిషి

అప్పు పత్రం మీద సంతకం ఇంటాయనదే అయినా దాని బరువు మాత్రం వంటింటిదాకా వస్తుంది. ఆ సంగతి మన ఆడవాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు. అందుకేనేమో, సర్ వాల్టర్ స్కాట్ పేరు వినగానే నాకు ఆయన నవలలకన్నా ఆయన అప్పు తీర్చిన తీరే ముందు గుర్తుకొస్తుంది. కాలేజీలో ‘ఐవాన్‌హో’ నాన్‌డిటెయిల్డ్‌గా చదువుకున్నవాళ్ళం మనలో చాలామందిమే ఉంటాం. ఆ కథ రాసిన చెయ్యి చివరి ఆరేళ్ళూ ఎవరికోసం రాసిందో మాత్రం ఏ మాస్టారూ మనకి చెప్పలేదు.

స్కాట్ 1771లో స్కాట్లండులోని ఎడింబరోలో పుట్టాడు. ఏడాదిన్నర వయసులో వచ్చిన జబ్బుకి కుడికాలు అవిటిదైపోయింది. అయినా లా చదివాడు, షెరీఫ్ అయ్యాడు, పెద్ద కోర్టులో ఉద్యోగం సంపాదించాడు. ముందు కవిగా పేరొచ్చింది. 1814లో ‘వేవర్లీ’ నవల పేరు వేసుకోకుండా అచ్చువేస్తే జనం ఎగబడి కొన్నారు. ఆ డబ్బుతో ట్వీడ్ నది ఒడ్డున ఎబట్స్‌ఫర్డ్ అనే కోటలాంటి ఇల్లు కట్టుకున్నాడు. పక్కన ఎవరు పొలం అమ్మినా కొనేవాడు. ఇంకా రాయని నవలలమీద కూడా ముందే డబ్బు తెచ్చుకునేవాడు. అదీ ఆయన బలహీనత.

ఇంకొక గుట్టు ఉంది. బాలంటైన్ ప్రెస్సులో ఆయన రహస్య భాగస్వామి. ప్రెస్సువాళ్ళూ, పుస్తకాలు వేసే కాన్‌స్టబుల్ కంపెనీవాళ్ళూ ఒకరి కాగితాలకి ఒకరు హామీ సంతకాలు పెట్టుకుంటూ బండి లాగించారు. 1826 జనవరిలో లండన్‌లో ఒక కంపెనీ కూలింది. దాంతో కాన్‌స్టబులూ, వెనకాలే బాలంటైనూ పడిపోయారు. లెక్క తేలేసరికి స్కాట్ నెత్తిన 1,20,000 పౌన్లకు పైగా అప్పు! అప్పటికి ఆయనకి యాభైనాలుగేళ్ళు.

ఐ.పి. పెట్టేసి ఉన్నది పంచిచ్చేస్తే చట్టం ఆయన్ని వదిలేసేది. ఆయన ఆ దారి పట్టలేదు. అప్పులవాళ్ళతో ఒప్పందానికి వచ్చి ట్రస్టు పత్రం రాసిచ్చాడు. ఆస్తి ట్రస్టీల చేతికి వెళ్ళింది. ఇకమీదట రాసే పుస్తకాల రాబడంతా అప్పుకే జమ. ఉద్యోగాల మీద వచ్చే ఏడాదికి 1,600 పౌన్ల జీతంతో ఇల్లు నడుపుకోవచ్చు. ఎబట్స్‌ఫర్డ్‌లో అద్దె లేకుండా ఉండొచ్చు. అంటే పగలు కోర్టు ఉద్యోగం తమ తిండికి, మిగిలిన పొద్దంతా రాత అప్పులవాళ్ళకి.

ఎడింబరోలో ఎన్నో ఏళ్ళు కాపురమున్న కాజిల్ స్ట్రీట్ ఇల్లు అమ్మేశారు. భార్య షార్లట్ అప్పటికే జబ్బుమనిషి. మే నెలలో ఆవిడ మంచంమీద ఉండగానే స్కాట్ కోర్టు పనికి ఎడింబరో వెళ్ళాల్సి వచ్చింది. అద్దెగదిలో ఉన్నవాడికి ఆవిడ పోయిందన్న కబురు అందింది. ఆఖరి ఘడియల్లో దగ్గరున్నది చిన్నకూతురు ఆన్. ఆ ఇంటి తాళంచెవులు ఆ రోజునుంచీ ఆ పిల్ల చేతికి వచ్చాయి.

స్కాట్ మళ్ళీ కలం పట్టాడు. అప్పటికి సగంలో ఉన్న ‘వుడ్‌స్టాక్’ నవల ముగిస్తే 8,228 పౌన్లు వచ్చాయి. తొమ్మిది సంపుటాల నెపోలియన్ చరిత్ర 1827లో వెలువడి 18,000 పౌన్లు తెచ్చింది. ఆ ఏడాది చివరికల్లా పౌనుకి ఆరు షిల్లింగులు, అంటే మన లెక్కలో రూపాయికి ముప్పై పైసల వంతున, మొదటి విడత చెల్లించారు. అప్పులవాళ్ళే ఆశ్చర్యపోయారు.

అందరూ మంచివాళ్ళే ఉండరుగా! లండన్‌లో ఒక అప్పులవాడు ఒప్పందానికి ఒప్పుకోక అరెస్టు చేయిస్తానన్నాడు. ఉన్నట్టుండి అతని బాకీ ఎవరో సర్దేశారు. ఆ చేసింది బ్యాంకరు సర్ విలియం ఫోర్బ్స్. చిన్నతనంలో స్కాట్ ప్రేమించిన విలియమీనాని పెళ్ళాడింది ఆయనే. 1828లో ఫోర్బ్స్ చనిపోయాకగానీ ఈ సంగతి స్కాట్‌కి తెలియలేదు. మగవాళ్ళ మధ్య ఇలాంటి పెద్దమనసు కథల్లో చదవడమే గానీ చూడడం అరుదు.

1829లో మరో ఉపాయం తోచింది. పాత నవలలకే కొత్త ముందుమాటలు, వివరణలు చేర్చి నెలకొక సంపుటం చొప్పున అయిదు షిల్లింగులకి అమ్మడం మొదలుపెట్టారు. నెలకి 35,000 ప్రతులదాకా పోయాయి. చూడండి, నిద్ర మానుకుని కొత్తగా రాసినవాటికన్నా, ఎప్పుడో రాసిన సరుకుని దులిపి సర్దిందే చివరికి అప్పుని దారికి తెచ్చింది. 1830 డిసెంబరులో పౌనుకి మూడు షిల్లింగుల వంతున రెండో విడత చెల్లించారు. అప్పులవాళ్ళు సంతోషించి ఆయన పుస్తకాలూ సామానూ ఆయనకే బహుమతిగా తిరిగి ఇచ్చేశారు.

కానీ అదే ఏడాది ఫిబ్రవరిలో ఆయనకి పక్షవాతం వచ్చింది. రాత తగ్గించమని డాక్టర్లు మొత్తుకున్నారు. వినలేదు. చెయ్యి కదలకపోతే నోటితో చెప్పి రాయించాడు. అలా తయారైన ఆఖరి నవలలు ప్రచురించేవాళ్ళకే నచ్చలేదు. 1831లో ప్రభుత్వం ఓడ ఇచ్చి మధ్యధరా తీరాలకి పంపింది. ఆన్ వెంట వెళ్ళింది. ఆ ప్రయాణంలో అప్పంతా తీరిపోయిందన్న భ్రమ ఆయనకి కలిగింది. నిజానికి ఇంకా 54,000 పౌన్లు మిగిలే ఉంది. 1832 సెప్టెంబరు 21న ఎబట్స్‌ఫర్డ్‌లో కన్నుమూశాడు.

జీవిత బీమా 22,000 పౌన్లు వచ్చింది. కడెల్ అనే ప్రచురణకర్త పుస్తకాల హక్కుల హామీమీద మిగతాది సర్దాడు. 1833లో ఒప్పందంలోని అప్పులవాళ్ళ లెక్క ముగిసింది. అదే ఏడాది ఆన్ కూడా పోయింది. ముప్పై ఏళ్ళయినా సరిగా నిండాయో లేదో. తల్లికీ తండ్రికీ చాకిరీ చేసి అలిసిపోయిన పిల్ల.

స్కాట్‌ని మాటమీద నిలబడ్డ మనిషని లోకం పొగుడుతుంది. పొగడాల్సిందే, నేనూ చేతులు జోడిస్తాను. అయితే అప్పు తీర్చే ఇంట్లో ఎవరైనా అదనపు పని నెత్తిన వేసుకుంటే, ఎన్ని పైసలు తీరాయన్న లెక్క పక్కనే ఆ మనిషి ఎన్ని గంటలు నిద్రపోతున్నాడన్న లెక్క కూడా రాసుకోవాలనిపిస్తుంది నాకు. ఆ రెండో లెక్క చూసుకోవాల్సింది మనమే. ఎందుకంటే ఏ ట్రస్టు పత్రంలోనూ ఆన్‌లాంటివాళ్ళ పేరు ఉండదు.