విద్యాసాగరులును సంస్కృత కళాశాలయు

ఈశ్వరచంద్ర విద్యాసాగరుల నామము వినినంతనే మన ఆంధ్రులకు వితంతు వివాహోద్యమము స్ఫురించుట సహజము. రాజమహేంద్రవరమున 1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీన తొలి వితంతు వివాహమును జరిపించిన కందుకూరి వీరేశలింగము పంతులుగారిని దక్షిణదేశ విద్యాసాగరులని లోకము కొనియాడుటయే యిందులకు ముఖ్య కారణము. కాని ఆ వంగదేశ మహనీయుని జీవితమున వేఱొక ఘట్టము కలదు. క్షీణదశయందున్న యొక విద్యాలయము ముప్పదియేండ్ల ప్రాయమున వారి చేతికి వచ్చెను. దానిని వారు కాఠిన్యముతో నిలువబెట్టిరి. నిలువబెట్టుచునే దాని తలుపులను కొంతవఱకు తెఱచిరి. ఏటేట సభలు చేసి, విద్యానిధులకు చందాలు కూర్చి, వసతిగృహములను నడుపుటకు పాటుపడు మనబోటి సంఘములవారు తెలిసికొనదగిన ఘట్టమిది యని తలంచి, మేము దీనినే యిచ్చట వ్రాయబూనితిమి.

విద్యాసాగరులు 1820వ సంవత్సరము సెప్టెంబరు 26వ తేదీన వీరసింహ గ్రామమున కడు పేద కుటుంబమున జన్మించిరి. ఆ గ్రామము పిమ్మట మేదినీపురము జిల్లాలో చేరినది. తండ్రి ఠాకురుదాసు బంద్యోపాధ్యాయులు, తల్లి భగవతీదేవి. తండ్రి వెంట కాలినడకను కలకత్తాకు పోవుచు, త్రోవలోని మైలురాళ్ళను చూచి ఇంగ్లీషు అంకెలను నేర్చుకొనిన బాలుని కథ అందఱు వినినదే. 1829లో సంస్కృత కళాశాలలో చేరి, పండ్రెండేండ్లు చదివి, విద్యాసాగర బిరుదము నొంది, 1841 డిసెంబరులో ఫోర్టు విలియము కళాశాలయందు ప్రధాన పండితులైరి.

ఇక సంస్కృత కళాశాల స్థితి యెట్టిదో చెప్పవలయును. కంపెనీ ప్రభుత్వమువారు 1824లో దానిని నెలకొల్పిరి. బ్రాహ్మణులకును వైద్య కులస్థులకును దక్క అన్యులకు ప్రవేశము లేదు. విద్యార్థులు జీతము చెల్లింప నక్కఱలేదు. ఊరక వచ్చిన దానియందు గౌరవ మెంత యుండునో అంతయే యుండెను. పట్టీలో పేరు వ్రాయించుకొని, తోచినప్పుడు వచ్చి, తోచనప్పుడు మానువారు పెక్కండ్రు. ఉపాధ్యాయులును వేళకు వచ్చుట యరుదు. బాలురు ముగ్ధబోధ వ్యాకరణమును అర్థము తెలియకయే వల్లించుచు ఏండ్లకేండ్లు గడపుచుండిరి. అంతలో 1844లో గవర్నరు జనరలు హార్డింజి ప్రభువు ఉద్యోగములయందు ఇంగ్లీషు చదివినవారికే మొగ్గు చూపవలయునని నిశ్చయించెను. అంతటితో శాస్త్రములు చదివిన పిల్లవానికి బ్రతుకుతెరువు కనబడక, తలిదండ్రులు కుమారులను పంపుట తగ్గించిరి.

1846 ఏప్రిలులో విద్యాసాగరులు ఆ కళాశాలకే సహాయ కార్యదర్శిగా వచ్చిరి. వచ్చినది మొదలు పాఠక్రమమును దిద్దుటకు సూచనలు వ్రాసిరి. కార్యదర్శియైన రసమయ దత్తుగారు వానిలో ముఖ్యమైన వానిని అంగీకరింపలేదు. మఱుసటి యేడు విద్యాసాగరులు ఉద్యోగమును విడిచిరి. తినుట యెట్లని యెవరో యడుగగా, కూరగాయలు అమ్ముకొనియైనను బ్రతుకుదునని వారు బదులు చెప్పిరట. పెద్ద కుటుంబమును మోయుచున్నవాడు అట్టి మాట అనుటకు ఎంత గుండె కావలయునో గృహస్థులైన మా చదువరులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. హిందూ కళాశాల ప్రిన్సిపాలు కెర్రు దొర బల్లపై కాళ్ళు చాచుకొని తమతో మాటలాడగా, ఆయన తమ గదికి వచ్చిన దినమున తామును చెప్పుకాళ్ళతో అట్లే కూర్చుండి గౌరవించిన కథయు ప్రసిద్ధమైనదే.

1850 డిసెంబరులో నెలకు 90 రూపాయల జీతముపై సాహిత్యాధ్యాపకులుగా మరల వచ్చిరి. ఈసారి విద్యామండలివారు కళాశాల స్థితిని గూర్చి నివేదిక నిమ్మని వారినే కోరిరి. వారు ఏ విషయమును దాచక వ్రాసి ఆ నెలలోనే పంపిరి. దానిని చూచిన మండలివారు 1851 జనవరిలో కార్యదర్శి, సహాయ కార్యదర్శి పదవులను రెంటిని తీసివేసి, ప్రిన్సిపాలు పదవిని కల్పించి, 150 రూపాయల జీతముతో విద్యాసాగరులకే యొసగిరి. ఈ మార్పు స్వల్పమైనది కాదు. అధికార మొకరిదియు శ్రమ మఱియొకరిదియు అయినచోట ఏ సంస్థయు బాగుపడదు. మా యెఱిగిన పాఠశాలలు పెక్కు ఇట్లే చెడినవి.

మొదట వారు పట్టినది వేళ. ఉపాధ్యాయులలో వారికి చదువు చెప్పిన గురువులును కలరు. వారిని మందలించుటకు నోరు రాదు, ఊరకుండుటకు మనసొప్పదు. గంట కొట్టువేళకు తామే ద్వారముకడ నిలిచి, ఆలస్యముగా వచ్చిన పెద్దలను ఇప్పుడే వచ్చుచున్నారా యని మాత్రము వినయముతో నడుగుచుండిరని జీవితచరిత్రకారులు చెప్పుదురు. కొలదికాలములోనే ఆ ప్రశ్న యడుగవలసిన పని లేకపోయెనట. పాడ్యమికిని అష్టమికిని ఉన్న సెలవులను తీసివేసి, ఆదివారమును సెలవు దినముగ నేర్పఱచిరి. ఎండకాలమున రెండు మాసములు సెలవిచ్చిరి. పిమ్మట రుసుము వచ్చెను. 1852లో చేరిక రుసుము రెండు రూపాయలు విధించిరి. పేరు కొట్టివేయబడినవాడు మరల చేరవలెనన్న మరల చెల్లింపవలసినదే. 1854 నుండి నెలకొక రూపాయి జీతము పుచ్చుకొనిరి. తాము కటిక దారిద్ర్యమున చదివినవారే పేద బాలురపై రుసుము వేయుట క్రూరమని కొందఱు తలపవచ్చును. మేము అట్లు తలపము. తన చేతి సొమ్ముతో ఎందఱనో పేద విద్యార్థులను పోషించిన మనుష్యుడు ఆయన. దానము తన యింటనుండి చేసెను గాని, కళాశాల క్రమమును చెఱచి చేయలేదు.

చదువు సంగతి యింకను కష్టమైనది. ముగ్ధబోధమును తీసివేసి, తల్లిభాషలో సంస్కృత వ్యాకరణమును బోధించుటకై 1851లో ఉపక్రమణికను, 1853 మొదలుగా వ్యాకరణ కౌముదిని తామే రచించిరి. ఋజుపాఠమను వాచకములను కూర్చిరి. సంస్కృతములో లీలావతి, బీజగణితములను చెప్పుట మాని, గణితమును ఇంగ్లీషులో చెప్పించిరి. ఇంగ్లీషు 1853లో విధిగా చదువవలసిన దయ్యెను. ఆ యేటనే కాశీ సంస్కృత కళాశాల ప్రిన్సిపాలు బాలంటైను దొరను విద్యామండలివారు పిలిపించి పరీక్షింపజేయగా, ఆయన కొన్ని గ్రంథములను చేర్పుమనెను. విద్యాసాగరులు ఒప్పుకొనలేదు. వేదాంత సాంఖ్యములు అసత్య దర్శనములనియు, వానిని బోధింపక తప్పదు గనుక వానికి విరుగుడుగా మంచి పాశ్చాత్య తర్కమును చెప్పవలయుననియు, బర్కిలీ గ్రంథము ఆ పని చేయజాలదనియు వ్రాసిరి. దర్శనములను గూర్చి వారి మాటతో ఏకీభవింపని వారు మా చదువరులలో పలువురుందురు; మేమును పూర్తిగ ఏకీభవింపము. కాని తన విద్యార్థికి ఏది చదివింపవలెనో నిర్ణయించు భారము తనదేయని నిలువబడిన ధైర్యము మెచ్చదగినది.

మేము ముఖ్యముగా చెప్పదలచినది ప్రవేశమును గూర్చి. 1851లో ఇతర కులములవారిని చేర్చుకొనుటను గూర్చి మండలివారు అడుగగా, కాయస్థులను చేర్చుకొనవచ్చునని విద్యాసాగరులు వ్రాసిరి. వైద్యులను చేర్చుకొనుచున్నప్పుడు కాయస్థులను కాదనుటకు హేతువు లేదని వారి వాదము. ప్రధానాధ్యాపకులు దీనికి ప్రతికూలురని కూడ దాచక తెలిపిరి. శబ్దకల్పద్రుమ మను మహానిఘంటువును కూర్పించిన రాజా రాధాకాంతదేవులు కాయస్థులే! సంస్కృత నిఘంటువును లోకమున కిచ్చిన కులము సంస్కృత పాఠశాల గడప తొక్కరాదనుట ఎంత వింత! ఆ సంవత్సరము జూలైలో కాయస్థులకు ద్వారము తెఱవబడెను. 1854 డిసెంబరులో గౌరవనీయులైన హిందువులందఱికిని ప్రవేశము కలిగెను.

ఇంతటితో విడిచిన మేము సత్యము చెప్పినవారము కాము. తక్కిన కులములవారికి 1851లో ద్వారము తెఱువవలదని చెప్పినవారును విద్యాసాగరులే; సంఘమున వారికి తగిన గౌరవము లేదనియు, చేర్చినచో కళాశాలకు హాని కలుగుననియు వారు తలంచిరి. 1855లో సువర్ణవణిక కులస్థుడొకడు ప్రవేశము కోరగా, ఆ కులమువారు ధనవంతులైనను సంఘమున వారి స్థానము తక్కువ గనుక, చేర్చుకొన్నచో పండితులు నొచ్చుకొందురని వ్రాసి నిరాకరించిరి. గౌరవనీయులు అను మాట ఎవరి నెచ్చట ఆపునో ఇక్కడ తేటపడుచున్నది. గురువులను వేళకు రప్పించిన కాఠిన్యము ఈ యొక్కచోట సడలెను. ఆ వణిజుని కుమారుని స్థానమున నిలిచి చూచినచో, కాయస్థులకు తెఱచిన తలుపు తనకు మూయబడియే యుండెను. ఒక్కొక్క మెట్టుగా ఎక్కినందుననే కళాశాల నిలిచెనని వాదింపవచ్చును. ఆ వాదమున బలము కలదు. కాని వేచియుండుమని చెప్పుట సులభము. వేచియుండుట సులభము కాదు. ఈ సంగతి మనబోటి సంఘములకు బాగుగ తెలియును.

పిమ్మటి కథ శీఘ్రముగ చెప్పెదము. 1855లో ప్రిన్సిపాలు పదవితోపాటు పాఠశాలల తనిఖీ పనియు వారికి వచ్చెను. రెండును కలిసి జీతము 500 రూపాయలు. హుగ్లీ, బర్ద్వాను, మేదినీపురము, నదియా జిల్లాలలో 20 ఆదర్శ పాఠశాలలను పెట్టిరి. వానికి ఉపాధ్యాయులను తయారుచేయుటకై అక్షయకుమార దత్తుగారు ప్రధానోపాధ్యాయులుగా నార్మలు పాఠశాలను తెఱచిరి. 1857 నవంబరు మొదలు 1858 మే వఱకు 35 బాలికా పాఠశాలలను నెలకొల్పగా సుమారు 1300 మంది బాలికలు చేరిరి. ప్రభుత్వమువారు వ్రాతమూలకమైన అనుమతి లేదని సొమ్మీయమనిరి. ఉపాధ్యాయుల జీతములు నిలిచిపోయెను. మాట యిచ్చినవారు విద్యాసాగరులు. అడుగువారును వారినే అడిగిరి. తుదకు ఆ బకాయిని మాత్రము ప్రభుత్వమువారు చెల్లించిరి. విద్యాశాఖ డైరెక్టరగు యంగు దొరతో పొత్తు కుదరక, 1858 నవంబరు 3వ తేదీన విద్యాసాగరులు పదవిని విడిచిరి. వారి పిమ్మట కోవెలు దొర ప్రిన్సిపాలయ్యెను.

పని లేక వారు ఊరకుండలేదు. 1859లో మొదలైన యొక చిన్న పాఠశాల వారి చేతికి వచ్చి, 1864లో మెట్రోపాలిటను ఇన్‌స్టిట్యూషను అను పేరు వహించెను. 1872లో ఎఫ్.ఏ. తరగతులకును, 1879లో బి.ఏ. తరగతులకును విశ్వవిద్యాలయము అనుమతి నిచ్చెను. దొరలు లేనిదే కళాశాల నడువదను వారి యెదుట, దేశీయాధ్యాపకులతోనే దానిని నడిపిరి. 1891 జూలై 29వ తేదీన విద్యాసాగరులు కీర్తిశేషులైరి. 1917లో ఆ సంస్థకు విద్యాసాగర కళాశాల యని పేరు పెట్టిరి.