కోటు చాలని సిపాయి దొర

మీ ఫోన్‌లో బీజీఎంఐ ఉందా? పోనీ, కాల్ ఆఫ్ డ్యూటీ? గ్రాఫిక్స్ అదిరిపోతాయి, కాదనను. కానీ అందులో సైనికుడి చెప్పులు తెగవు. జీతం ఆగదు. ఎద్దులు చచ్చిపోయాయని సైన్యం వెనక్కి తిరగదు. ఇవన్నీ ఉన్న యుద్ధం కావాలంటే థామస్ మన్రో ఉత్తరాలు చదవాలి. రైత్వారీ పద్ధతి అంటూ గ్రూప్స్ కోసం మీరు బట్టీ పట్టే మన్రోనే. కలెక్టర్ కాకముందు ఆయన పన్నెండేళ్లు సిపాయిల దండులో నడిచాడు.

1761లో గ్లాస్గోలో పుట్టాడు. తండ్రిది అమెరికాతో వ్యాపారం. అక్కడ స్వాతంత్ర్య యుద్ధం రావడంతో ఇల్లు దివాలా తీసింది. లెక్కలు, కెమిస్ట్రీ చదివిన కొడుకు ఈస్టిండియా కంపెనీలో క్యాడెట్‌గా చేరి, 1780 జనవరిలో మద్రాసులో దిగాడు. వయసు 18. దిగిన కొత్తలోనే ఎవడో నమ్మించి బట్టలూ డబ్బూ పట్టుకుపోయాడు.

ఆ ఏడాదే హైదర్ అలీ ఘాట్లు దిగి ఆర్కాటు మీద పడ్డాడు. సెప్టెంబర్ 10న కంచి దగ్గర పొల్లిలూరులో, సుమారు 3,800 మంది ఉన్న కంపెనీ దళాన్ని తుడిచిపెట్టేశాడు. మందుగుండు బండ్లు పేలిపోయాయి. మన్రో ఉన్న పెద్ద సైన్యం కొద్ది మైళ్ల దూరంలోనే ఉండి కూడా ఆదుకోలేకపోయింది. బరువైన ఫిరంగులను చెరువులో పారేసి వెనక్కి నడిచింది. ఓడింది సొంత పక్షమే అయినా, తండ్రికి రాసిన ఉత్తరంలో మన్రో దాన్ని కప్పిపెట్టలేదు.

నాకు మాత్రం అంతకన్నా నచ్చేది 1789లో సోదరికి రాసిన ఉత్తరం. ఇండియాలో ఆఫీసరంటే రాజభోగమని ఇంట్లోవాళ్ల ఊహ. మూడేళ్లపాటు తన తలగడ ఒక పుస్తకమో, తూటాల సంచో అని ఆయన చెప్పాడు. మంచమంటే కర్రల మీద కట్టిన కిత్తాను గుడ్డ. చలేస్తే ఇంటి నుంచి తెచ్చుకున్న పెద్ద కోటే దుప్పటి. కాళ్లు చేతుల్లోకి దూర్చి, అంచు తల మీదికి లాక్కునేవాడు. పొడవు చాలక పాదాలు బయటే! ఏడుపుగొట్టుగా కాదు, నవ్వుతూ రాశాడు. ఆ పరిస్థితిలోనే ఇంటికి డబ్బు కూడా పంపేవాడు.

హైదర్ 1782లో మన చిత్తూరు దగ్గరే, నరసింగరాయనిపేటలో చనిపోయాడు. టిప్పుతో జరిగిన తర్వాతి యుద్ధంలోనూ మన్రో ఉన్నాడు. 1791లో కార్న్‌వాలిస్ సైన్యం మొగిలి కనుమ ఎక్కి, పలమనేరు మీదుగా వెళ్లి బెంగళూరు పట్టుకుంది. శ్రీరంగపట్నం దాకా వెళ్లింది కూడా. కానీ తిండి లేదు, ఫిరంగులు లాగే ఎద్దులు చచ్చిపోయాయి. ఆ ఫిరంగులను తామే పగలగొట్టి వెనుదిరిగారు. ఇలాంటి లెవెల్‌ను ఏ గేమ్ కంపెనీ పెడుతుంది చెప్పండి?

ఆయన్ను దండులోంచి బయటపడేసింది కత్తి కాదు, భాషలు. పారసీ, హిందుస్తానీ వచ్చు కాబట్టి 1792లో కుప్పానికి ఆనుకునే ఉన్న బారామహల్‌లో రెవెన్యూ పని దొరికింది. 1800లో దత్తమండలాల కలెక్టరయ్యాడు. మదనపల్లె, పెద్దతిప్పసముద్రం వైపు ఊళ్లు కూడా అందులోవే. ఏడేళ్లు గుడారాల్లోనే తిరిగాడు. సీమలో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు.

ఒక్కటి గుర్తుంచుకుని చదవండి: రాసింది కంపెనీ మనిషి. ఆ దండులకు ఎద్దులనూ గింజలనూ వదులుకున్న పల్లెల గొంతు అందులో తక్కువ.

మద్రాసు గవర్నర్‌గా ఉండగానే, 1827 జులై 6న పత్తికొండలో కలరాతో పోయాడు. మూడేళ్లకు గ్లీగ్ అనే ఆయన ఆ ఉత్తరాలను జీవిత చరిత్రతో కలిపి అచ్చు వేయించాడు. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతుంది. సిపాయి రోజుల ఉత్తరాలు మొదటి సంపుటంలో ఉన్నాయి.