ఆకుకూర నుంచి కేన్సర్ మందు దాకా: భీమవరం సుబ్బారావు గారి కృషి

హైదరాబాద్: పాతబస్తీ మీర్ ఆలం మండీలో కట్టలు కట్టి అమ్మే పాలకూరకూ, రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. కేన్సర్ ఆస్పత్రిలో రోగులకు ఇచ్చే మందుకూ సంబంధం ఉందంటే చాలామంది నమ్మరు. కాని ఉంది. ఆ రెండింటినీ కలిపినవారు మన తెలుగువారే. ఆయనే డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు.

పశ్చిమ గోదావరి జిల్లా భీమవరంలో 1895 జనవరి 12న ఆయన జన్మించారు. తల్లి వెంకమ్మ, తండ్రి జగన్నాథం. సంసారం పెద్దది, రాబడి తక్కువ. చిన్నతనంలో చదువు మీద కంటే డబ్బు సంపాదన మీదే ధ్యాస ఉండేది. కాశీ వెళ్లి యాత్రికులకు అరటిపళ్లు అమ్మి ధనవంతుడు కావాలని ఇల్లు విడిచి బయలుదేరితే పెద్దలు వెనక్కి తెచ్చారు. మెట్రిక్ పరీక్ష మూడోసారికి గాని గట్టెక్కలేదు.

తరువాత మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి ఖర్చు భరించారు. గాంధీజీ పిలుపు విని ఖద్దరు దుస్తులతో ఆపరేషన్ గదికి వెళ్లడం తెల్లదొర ప్రొఫెసర్‌కు నచ్చలేదు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్.కు బదులు తక్కువ స్థాయి ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది.

ఇంటినే తాకిన పేగు జబ్బు

ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది స్ప్రూ అనే పేగు జబ్బు. మన పెద్దలు గ్రహణి అని చెప్పుకునే జబ్బుల వంటిది ఇది. పేగు లోపలి పొర దెబ్బతింటుంది. తిన్నది ఒంటబట్టదు. విరేచనాలు ఆగవు. నాలుక పూస్తుంది, రక్తం తగ్గిపోతుంది. ఈ జబ్బు కొద్ది రోజుల తేడాలో ఆయన సోదరులిద్దరినీ పొట్టన పెట్టుకున్నది. సుబ్బారావు గారికీ సోకింది. ఆయుర్వేద వైద్యులు ఆచంట లక్ష్మీపతి గారి చికిత్సతో కోలుకున్నారు. ఆ తరువాత మద్రాసు ఆయుర్వేద కళాశాలలోనే పాఠాలు చెప్పారు. స్ప్రూకు మందు కనిపెట్టాలన్న పట్టుదల మాత్రం వదలలేదు.

1922 అక్టోబర్ 26న అమెరికాలోని బోస్టన్ నగరంలో దిగారు. చేతిలో డబ్బు లేదు. ఆస్పత్రిలో రాత్రి కూలి పని చేస్తూ పగలు హార్వర్డ్‌లో చదివారు. అక్కడ ఫిస్కే అనే ఆచార్యునితో కలిసి రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతి కనిపెట్టారు. కండరం పని చేయడానికి శక్తి ఎక్కడి నుంచి వస్తుందో తేల్చడంలోనూ పాలు పంచుకున్నారు. అయినా హార్వర్డ్‌లో స్థిరమైన పదవి దక్కలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లే మందుల కంపెనీలో చేరారు.

ఆకులో దాగిన విటమిన్

అంతకుముందే బొంబాయిలో పనిచేసిన లూసీ విల్స్ అనే డాక్టరమ్మ, గర్భిణులకు వచ్చే రక్తహీనతను తగ్గించే పదార్థం ఒకటి ఆహారంలో ఉందని గుర్తించారు. 1941లో అమెరికాలో కొందరు శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూర నుంచి ఒక విటమిన్‌ను కాస్తంత వేరు చేయగలిగారు. ఆకు అనే అర్థం వచ్చే లాటిన్ మాట నుంచి దానికి ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు. టన్నుల కొద్దీ ఆకు పిండితే రోగులకు చాలదు కదా. సుబ్బారావు గారి బృందం 1945 నాటికి దాన్ని ప్రయోగశాలలోనే తయారు చేసింది. స్ప్రూ రోగులకు ఇస్తే రక్తం పట్టింది. నేడు మన పల్లెల్లో గర్భిణులకు ఇచ్చే ఐరన్ మాత్రల్లో ఉండేది కూడా ఇదే.

ఆయన పర్యవేక్షణలోనే ఆరియోమైసిన్ బయటపడింది. టెట్రాసైక్లిన్ మందుల కుటుంబంలో మొదటిది అదే. ఇప్పటికీ స్ప్రూకు ఫోలిక్ యాసిడ్, టెట్రాసైక్లిన్ కలిపి వాడతారు. సోదరులను మింగిన జబ్బుకు రెండు మందులూ ఆయన పనిచేసిన చోటి నుంచే రావడం విశేషం. బోదకాలుకు వాడే డి.ఇ.సి. మాత్ర కూడా ఆ ప్రయోగశాల చలవే.

కేన్సర్‌కు ఎదురుదెబ్బ

బోస్టన్‌లో పిల్లల డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్త కేన్సర్ ఉన్న పిల్లలకు ఫోలిక్ యాసిడ్ జాతి పదార్థాలు ఇచ్చి చూస్తే జబ్బు మరింత ముదిరినట్టు కనిపించింది. అయితే ఆ విటమిన్‌ను అడ్డుకుంటే ఎలా ఉంటుందన్న ఆలోచన వచ్చింది. సుబ్బారావు గారి బృందం అడ్డుకునే మందు అమినోప్టెరిన్ తయారు చేసి పంపింది. 16 మంది పిల్లలకు ఇవ్వగా 10 మందికి కొంతకాలం జబ్బు తగ్గుముఖం పట్టిందని 1948 జూన్‌లో ఫార్బర్ ప్రకటించారు. దాని తోబుట్టువే మెథోట్రెక్సేట్. ఎముక మూలుగ లేదా మూలకణాల మార్పిడి తరువాత, దాత కణాలు రోగి ఒంటి మీద తిరగబడకుండా చాలామందికి నేడు ఈ మందే కొద్ది మోతాదులో ఇస్తున్నారు.

ఈ మందుకు మరో ముఖం కూడా ఉంది. వేగంగా పెరిగే కణాలన్నిటినీ ఇది దెబ్బతీస్తుంది. పేగు పొర కూడా అలాంటిదే. అందుకే నోరు పూస్తుంది, విరేచనాలవుతాయి. పేగులో ఉండే మేలు చేసే సూక్ష్మజీవులు రకరకాలుగా ఉన్న రోగులే మార్పిడి తరువాత ఎక్కువగా బతికి బయటపడ్డారని అమెరికా, జర్మనీ, జపాన్ ఆస్పత్రుల్లో 1,362 మందిని పరిశీలించి 2020లో ప్రకటించారు. ఆ జీవులకు పప్పులు, కూరగాయలు, ముతక ధాన్యాల పీచే మేత.

అయితే తెల్లకణాలు పడిపోయిన రోజుల్లో పచ్చికూరలు, రోటి పచ్చళ్లు, బజారు తిండి పనికిరావు. బాగా ఉడికించి, వేడిగా వడ్డించిన పప్పన్నం, మెత్తని కూరలు డాక్టరు ఒప్పుకున్న మేరకే పెట్టాలి. ఫోలిక్ యాసిడ్ మాత్రలు సొంతంగా వేసుకోరాదు. ఆకు పసరు తాగిస్తే కేన్సర్ పోతుందని చెప్పేవారిని నమ్మి ఆస్పత్రి మానిపించరాదు. ఆకుకు బలం ఉంది నిజమే గాని, అది మందుకు బదులు కాదని ఆయన కృషే చెబుతోంది.

1948 ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో సుబ్బారావు గారు అమెరికాలోనే మరణించారు. వెళ్లినవారు మళ్లీ స్వదేశం చూడలేదు. ఇక్కడ పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. భార్య శేషగిరి గారు ఎదురు చూస్తూనే ఉండిపోయారు. 1995లో భారత ప్రభుత్వం ఆయన పేర తపాలా బిళ్ల విడుదల చేసింది. ఊరి బడుల్లో పిల్లలకు ఆయన పేరు చెప్పే మాస్టర్లు ఇంకా పెరగాలి. మూడోసారికి పాసైన కుర్రవాడి కథ కనుక వెనుక బెంచీ వారికి మరీ అవసరం.