పియానో విద్వాంసుడు టెడ్డీ విల్సన్

బి.ఎస్సీ. చదివేవాడికి జాజ్ సంగీతంతో ఏం పని అని మిత్రులు అడగవచ్చు. మాది వేరుశెనగ పండించే ఇల్లు. పత్తి వేసి వేసి నిస్సారమైపోయిన అమెరికా దక్షిణాది నేలల్లో వేరుశెనగ వెయ్యమని రైతులకు నచ్చజెప్పిన జార్జి వాషింగ్టన్ కార్వర్ గురించి చదువుతుంటే, ఆయన పనిచేసిన టస్కీగీ విద్యాసంస్థలోనే ఈ విల్సన్ పేరు తగిలింది. నల్లజాతివారి చదువు కోసం 1881లో వెలసిన సంస్థ అది. విల్సన్ తండ్రి అక్కడ ఇంగ్లీషు ఉపాధ్యాయుడు, తల్లి లైబ్రేరియన్.

1912 నవంబరు 24న టెక్సాస్ రాష్ట్రంలోని ఆస్టిన్‌లో జన్మించిన విల్సన్ టస్కీగీలో పెరిగాడు. పియానో, వయొలిన్ నేర్చాడు. టల్లాడేగా కళాశాలలో కొంతకాలం సంగీతం చదివి, బ్యాండ్ల వెంట ఊళ్ళు తిరిగి, 1933లో న్యూయార్క్ చేరి బెన్నీ కార్టర్ బృందంలో కుదిరాడు.

1935 జులై నెల ఆయన జీవితాన్ని మార్చేసింది. ఆ నెలలోనే బిల్లీ హాలిడే అనే గాయనితో తన పేర రికార్డులు చెయ్యడం మొదలుపెట్టాడు. ఆమెకప్పుడు ఇరవై ఏళ్ళు, అంటే నా ఈడే! ఆ నెలలోనే తెల్లజాతివారైన బెన్నీ గుడ్‌మన్ క్లారినెట్‌తోను, జీన్ క్రూపా డ్రమ్స్‌తోను కలిసి ముగ్గురే వాయించిన రికార్డు తయారైంది.

ఆ ముగ్గురిలో బాస్ వాయించేవాడు లేడు. ఆ బరువంతా విల్సన్ ఎడమచేతి మీదే పడింది. అంతకు ముందరి పియానిస్టుల ఎడమచెయ్యి కింది స్వరానికీ పై స్వరాలకూ మధ్య ఎగిరెగిరి పడేది. విల్సన్ అలా కాదు. పది స్వరాల దూరం అందేలా వేళ్ళు చాచి, నింపాదిగా నడిపించాడు. అరక కట్టినవాళ్ళకు తెలుసు, ఎలపటెద్దు ఎంత హుషారుగా నడిచినా దాపటెద్దు సమంగా లాగకపోతే సాలు వంకర పోతుంది.

రికార్డింగు గదిలో నలుపు తెలుపు కలిస్తే చూసేవాళ్ళుండరు. వేదిక మీద అది వేరే సంగతి. 1936లో చికాగో కాంగ్రెస్ హోటల్‌లో ఈ ముగ్గురూ జనం ముందు కూర్చున్నారు. ఆ ధైర్యానికి గుడ్‌మన్‌ను అందరూ మెచ్చుకుంటారు, మెచ్చుకోవలసిందే. కాని నాకొకటి మింగుడుపడదు. గుడ్‌మన్ పెద్ద బ్యాండులో పియానో ముందు కూర్చున్నది తెల్లవాడైన జెస్ స్టేసీ. విల్సన్ బృందం విడిగా వచ్చి, వాయించి వెళ్ళేది. 1938 జనవరి 16న కార్నెగీ హాల్‌లో జరిగిన ప్రఖ్యాత కచేరీలోనూ అంతే. తలుపు తెరిచారు సరే, పీట మాత్రం పక్కన వేశారు. పైగా దక్షిణాది ఊళ్ళకు వెళితే అవమానాలు పడవలసింది గుడ్‌మన్ కాదు కదా!

1939లో విల్సన్ బయటికొచ్చి సొంతంగా పెద్ద బ్యాండు పెట్టాడు. ఏడాదికే అది మూతపడింది. ఆ తర్వాత 1944 దాకా న్యూయార్క్‌లోని కెఫే సొసైటీలో చిన్న బృందంతో వాయించాడు. అక్కడ శ్రోతలు కూడా రంగు భేదం లేకుండా పక్కపక్కన కూర్చునేవారు. తరువాత జూలియార్డ్ సంగీత విద్యాలయంలో పాఠాలు చెప్పాడు. 1962లో గుడ్‌మన్‌తో సోవియట్ దేశం తిరిగాడు.

చివరి ఏళ్ళలో ఇద్దరు కొడుకులను పక్కన పెట్టుకుని వాయించేవాడు. ఒకడు డ్రమ్స్, ఒకడు బాస్. 1986 జులై 31న కనెక్టికట్ రాష్ట్రంలో కన్నుమూశాడు.