నీళ్ళ దారి, మురుగు దారి చూపిన విశ్వేశ్వరయ్య గారు

ప్రతి ఏటా సెప్టెంబరు 15న ఇంజనీర్ల దినోత్సవం జరుపుతారు. అది మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి పుట్టినరోజు. ఆయన పేరు మనకందరికీ తెలుసు. కానీ మన హైదరాబాదుకు ఆయన చేసిన మేలు చాలామందికి తెలియదు.

ఆయన 1861లో మైసూరు రాజ్యంలోని ముద్దేనహళ్ళిలో పుట్టారు. పూర్వీకులది మోక్షగుండం అనే ఊరు. చిన్నతనంలోనే తండ్రి చనిపోయారు. బెంగుళూరులో వేరేవాళ్ళ పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుంటూ బి.ఎ. చదివారు. తరువాత పూనాలో ఇంజనీరింగు చదివి, 1883లో ప్రథముడిగా నిలిచి, బొంబాయి ప్రభుత్వంలో ఉద్యోగం పొందారు.

సింధులోని సుక్కూరు పట్నానికి నది నీళ్ళు బురదగా వచ్చేవి. ఆయన నది ఇసుకలోనే బావి తవ్వించి తేట నీళ్ళు అందించారు. మన గూడేల్లో వాగు ఇసుకల చెలిమె తీస్తే మంచినీళ్ళు ఊరుతాయి కదా, ఇది కూడా అలాంటి ఉపాయమే!

1908 సెప్టెంబరు 28న మూసీ నది పొంగి హైదరాబాదును ముంచేసింది. వేలమంది చనిపోయారు, ఇళ్ళు కొట్టుకుపోయాయి. నిజాం ప్రభుత్వం పిలిస్తే 1909లో విశ్వేశ్వరయ్య గారు వచ్చారు. ఆయన నగరం ఒక్కటే చూడలేదు. ఎగువన వాన ఎంత పడింది, చెరువులెన్ని ఉన్నాయి, ఎన్ని తెగాయి, నీళ్ళు ఏ దారిన వచ్చాయి, అన్నీ లెక్క తీశారు. గోడ కట్టినంత మాత్రాన వరద ఆగదు, పైననే ఆపాలని చెప్పారు. అట్లా మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వరదను ఆపిన చెరువులే నగరానికి తాగునీళ్ళు కూడా ఇచ్చాయి.

ఆయన అంతటితో ఆగలేదు. ఇంట్లకు వచ్చిన నీళ్ళు వాడినాక ఎక్కడికి పోవాలె? అవి వీధుల్లో నిలవకుండా భూమిలో గొట్టాలు వేసి ఊరి బయటికి పంపే మురుగు పథకం కూడా తయారుచేశారు. నీళ్ళు తెచ్చుడు సగం పని, మురుగు పంపుడు మిగతా సగం అని ఆయన పని చూస్తే అర్థమవుతుంది.

తరువాత 1912 నుండి 1918 దాకా మైసూరు దివానుగా పనిచేశారు. 1955లో భారతరత్న వచ్చింది. నూరేళ్ళు దాటి బతికి 1962లో కన్నుమూశారు.

ఆ తరువాత నగరం చాలా పెరిగింది. ఆ రెండు చెరువులు చాలక మంజీర నీళ్ళు, కృష్ణ నీళ్ళు తెచ్చారు. 2015లో మన ఎల్లంపల్లి నుంచి గోదావరి నీళ్ళు కూడా పోయాయి. వాడిన నీళ్ళలో చాలా భాగం మూసీలనే కలుస్తాయి. నల్గొండ దిక్కు రైతులు ఆ నీళ్ళతోనే వరి, పశువుల గడ్డి పండిస్తారు. చివరికి మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. అంటే హైదరాబాదు పటం సరిగా గీయాలంటే పైన మన గోదావరిని, కింద నల్గొండ పొలాలను కూడా గీయాలన్నమాట!

జమ్మికుంట మార్కెట్టుకు పత్తి ఏ ఊర్ల నుంచి వస్తదో అడిగితే మనం టకటకా చెప్తాం. మన హాస్టలు నీళ్ళు ఎక్కడినుంచి వస్తాయో, మోరీ ఎక్కడిదాకా పోతదో చెప్పగలమా? నీళ్ళు నిలిచిన కాడ దోమలు పుడతాయి. దోమలతో మలేరియా, డెంగీ వస్తాయి. జ్వరమొస్తే ఇంటికి పోవాలె, పాఠాలు పోతాయి.

కాబట్టి వార్డెన్ సారును అడిగి ఒక ఆదివారం ఈ పని చేద్దాం. బోరు, ట్యాంకు, నల్లాలు, స్నానాల గదులు, వంటశాల, మోరీ, చెత్త కుప్ప, అన్నిటినీ ఒక చార్టు మీద బాణం గుర్తులతో గీద్దాం. ఎక్కడ నీళ్ళు వృథా అవుతున్నాయో నీలి రంగు, ఎక్కడ మురుగు నిలుస్తుందో ఎర్ర రంగు పెడదాం. వచ్చే సంచికలో ఆ చార్టును ఈ గోడకే అంటిద్దాం. ఎర్ర రంగు ఉన్న చోట ముందుగా పార పట్టుకుందాం!