లూయీ పాశ్చరు

జి.కొండూరు మొదలు నందిగామ, జగ్గయ్యపేటల వరకు గల మెట్టపొలముల గట్లమీద తాడిచెట్లు నిలిచియుండుట మన మెల్లరము చూచినదే. చెట్టునుండి కారునప్పుడు తాటినీరు తియ్యగా నుండును. కొన్ని గడియలు గడచినంతనే నురుగెత్తి, పులిసి, మత్తు గొలుపు కల్లగును. కుండలోపల సున్నము పూసినచో ఆ పులుపు చాలవరకు ఆగును. ఈ సంగతులు మన పెద్దలకు తరతరములుగా తెలియును. కాని యిట్లేల జరుగునని ప్రశ్నించి, సమాధానము దొరకువరకు విశ్రమింపని మహనీయుడు ఫ్రాన్సు దేశస్థుడగు లూయీ పాశ్చరు.

ఈయన 1822వ సంవత్సరము డిసెంబరు 27వ తేదీన డోల్ అను చిన్న పట్టణమున జన్మించెను. తండ్రి తోళ్లు పదునుచేసి జీవించువాడు. బాల్యమున లూయీ బొమ్మలు గీయుటలో నేర్పరియే కాని చదువులో అసాధారణుడని ఎవరును తలపలేదు. పారిస్ నగరమందలి ఎకోల్ నార్మాల్ అను విద్యాలయ ప్రవేశపరీక్షలో ఉత్తీర్ణుడయ్యును, తనకు వచ్చిన స్థానము చాలదని మరియొక యేడు చదివి, 1843లో మెరుగైన స్థానముతో అందు చేరెను. ఈ పట్టుదలయే ఆయనకు జీవితాంతము తోడైనది.

1854లో లిల్ పట్టణమున ఆచార్యుడయ్యెను. అచ్చట బీటుదుంపల రసమును పులియబెట్టి మద్యసారము తీయు కర్మాగారములు కలవు. 1856లో బిగో అను యజమాని, తన తొట్లలో రసము చెడిపోయి నష్టము కలుగుచున్నదని ఆయనతో మొరపెట్టుకొనెను. పాశ్చరు ఆ తొట్లయొద్దకు పోయి, బొట్టుబొట్టును సూక్ష్మదర్శనితో పరీక్షించెను. చక్కగా పులిసిన రసమున ఈస్టు కణములు గుండ్రముగా మొగ్గలు తొడుగుచు పెరుగుచుండెను. చెడిన రసమున వానికంటె మిక్కిలి చిన్నవైన వేరు జీవులు కానవచ్చెను.

ఈస్టు సజీవమని అంతకు ఇరువదియేండ్లకు పూర్వమే కొందరు చెప్పియుండిరి గాని వారిని పండితులు పరిహసించిరి. పులియుట యనగా ప్రాణములేని పదార్థము కుళ్లుటయే యని జర్మనీ దేశపు లీబిగ్ మహాశయుడు బోధించుచుండెను. పాశ్చరు వాదములో కాలము పుచ్చక ప్రయోగములు చేసెను. చక్కెర, కొద్దిపాటి లవణములు కలిపిన నీటిలో లేశమాత్రము ఈస్టును వేయగా, అది పెరిగి చక్కెరను మద్యసారముగను బొగ్గుపులుసు గాలిగను మార్చెను. గాలి తగిలినచో ఈస్టు విస్తారముగా పెరుగును. గాలి లేనిచో కొద్దిగా పెరిగి, తన బరువుకు ఎన్నోరెట్లు చక్కెరను మార్చును. గాలిలేకయు బ్రతుకు జీవులున్నవని లోకమునకు తెలిపినవాడు ఈయనయే.

1870-71లో జర్మనులతో జరిగిన యుద్ధమున ఫ్రాన్సు ఓడిపోయెను. పరాజయదుఃఖమున నున్న పాశ్చరు స్వదేశపు బీరు పరిశ్రమకు మేలుచేయనెంచెను. మొలకెత్తిన యవల రసములో ఈస్టు వేసినవారు దానినుండి ఏమి ఆశింపవలెను? మొదట కొన్ని గంటలు అది నిశ్చలముగా నుండును. ఆ సమయమున గాలిని పీల్చుకొని వృద్ధిపొందును. తరువాత బుడగలు లేచి నురుగు పొంగును. చక్కెర తరిగినకొలది పొంగు తగ్గి ద్రవము తేరును. నురుగుతో పైకి తేలు జాతి 15 మొదలు 20 డిగ్రీల వేడిమిని కోరును. అడుగునకు దిగు జాతి 10 డిగ్రీల దరి చలిలో మెల్లగా పనిచేయును. అన్యజీవులు చొరబడినచో ఎంత మంచి యవలైనను వ్యర్థమే.

1871లో లండను నగరమందలి విట్‌బ్రెడ్ కర్మాగారమునకు పోయి, అచ్చటి ఈస్టును పరీక్షించి అందు రోగకారకజీవులను చూపించెను. వారము గడచి మరల పోవునప్పటికి వారు సూక్ష్మదర్శని కొని, పాత ఈస్టు నంతయు మార్చియుండిరి. 1876లో బీరునుగూర్చి ఆయన గ్రంథము వెలువడెను. ద్రవమును మితముగా కాచి చెరుపుజీవులను చంపు ఆయన పద్ధతియే నేడు మన యింటికివచ్చు పాలపొట్లమును కాపాడుచున్నది.

ఈ శ్రమయంతయు సుఖములో జరిగినది కాదు. ముగ్గురు కుమార్తెలు బాల్యముననే మరణించిరి. వారిలో ఇద్దరిని విషజ్వరము కబళించెను. 1868లో పక్షవాతము వచ్చి ఎడమభాగము చచ్చుబడెను. అయినను ఆయన ప్రయోగశాలను విడువలేదు. సూక్ష్మజీవులు రసమును చెరుపగలిగినచో దేహమును చెరుపలేవా యను తలంపు ఆయనను రోగములవైపు నడిపెను. 1885 జూలై 6వ తేదీన, పిచ్చికుక్క కరచిన తొమ్మిదేండ్ల జోసెఫ్ మైస్టరను బాలునకు టీకా వేయించి కాపాడెను. ఆయన పేర 1907లో కూనూరున వెలసిన సంస్థ దక్షిణదేశమున కుక్కకాటు బాధితుల కెందరికో ప్రాణదానము చేసినది.

1895 సెప్టెంబరు 28వ తేదీన పాశ్చరు పరమపదించెను.

ప్రియ విద్యార్థులారా, మద్యము గృహములను కూల్చుట మనము చూచుచునే యున్నాము. దానిని పొగడుట ఈ కథ యుద్దేశము కాదు. చెడిన తొట్టియొద్ద నిలిచి, ఏవగింపక, ఓపికతో చూచిన కన్నులే ఒక బాలుని ప్రాణము నిలిపినవని గ్రహింపుడు. అల్పమని తలచినదానిని శ్రద్ధతో పరిశీలించుట మనకును సాధ్యమే. మన పొలము గట్టున నున్న తాటికుండయే అందుకు తొలిపాఠము కావచ్చును.